ఓటర్ల జాబితా: హక్కుకూ ఓటుకూ మధ్య

పోలింగు శాతం తగ్గిన ప్రతిసారీ ఓటరు ఉదాసీనతను నిందించడం పరిపాటి. అయితే గడచిన నూరేళ్ల ఎన్నికల చరిత్రను పరిశీలిస్తే, ఓటరు పోలింగు కేంద్రానికి చేరక ముందే అతనిని ఆపివేసిన అడ్డంకులు అనేకం కనిపిస్తాయి. వాటిలో మిక్కిలి బలమైనది ఓటర్ల జాబితా, అంటే ఒక నియోజకవర్గంలో ఓటు వేయడానికి అర్హులైన వారి పేర్ల పట్టిక.

1919 నాటి భారత ప్రభుత్వ చట్టం కింద ఓటు ప్రధానంగా ఆస్తిని అనుసరించింది. మద్రాసు రాష్ట్రంలో నిర్ణీత మొత్తంలో భూమి శిస్తు గాని, మునిసిపల్ పన్ను గాని కట్టేవారి పేర్లే జాబితాకెక్కడంతో, భూమిలేని కూలీలు, చేతివృత్తులవారిలో అత్యధికులు దానికి వెలుపలే ఉండిపోయారు. స్త్రీలకు ఓటు కావాలని 1917 డిసెంబరులో సరోజినీ నాయుడు నాయకత్వంలో ఒక ప్రతినిధి వర్గం మద్రాసులో భారత వ్యవహారాల బ్రిటిష్ మంత్రి మాంటేగును కలిసి కోరగా, 1921లో మద్రాసు శాసనమండలి, దేశంలోని రాష్ట్రాలలో మొట్టమొదటిగా, లింగభేదం అనే అడ్డంకిని తొలగించింది. కాని ఆస్తి నిబంధన అలాగే నిలిచినందున, సొంత పేరున పట్టా లేని స్త్రీలకు ఆ హక్కు అందలేదు. 1935 చట్టం భర్త అర్హతను బట్టి భార్యకు, అక్షరాస్యతను బట్టి మరికొందరికి ఓటిచ్చినా, బ్రిటిష్ ఇండియా అంతటిలో ఓటర్ల సంఖ్య మూడు కోట్ల పైచిలుకును మించలేదు.

రాజ్యాంగంలోని 326వ అధికరణం ఈ క్రమాన్ని తలకిందులు చేసి, 21 ఏళ్లు నిండిన ప్రతి పౌరునికీ ఓటు హక్కు కల్పించింది. రాజ్యాంగం అమలులోకి రాక ముందే, 1948లో, ముసాయిదా జాబితాల తయారీ మొదలయింది. ఆస్తి నిబంధన పోయి, ప్రభుత్వ సిబ్బంది ఇంటింటికీ వెళ్లి పేర్లు రాసుకునే పద్ధతి వచ్చింది. 1950 నాటి ప్రజా ప్రాతినిధ్య చట్టం ఒక ఊరిలో ఇల్లు కలిగి ఉన్నంత మాత్రాన అక్కడి నివాసి కాజాలడని స్పష్టం చేసి, సాధారణ నివాసాన్నే, అంటే మనిషి వాస్తవంగా ఉంటున్న చోటునే ఆధారంగా తీసుకుంది.

అయినా సంఘపు కట్టుబాట్లు చట్టంతో పాటు మారలేదు. పరాయి పురుషునికి సొంత పేరు చెప్పరాదన్న ఆచారం వల్ల ఉత్తర భారతంలో ఎందరో స్త్రీలు తమను ఫలానావారి భార్యగా, ఫలానావారి కూతురుగా మాత్రమే నమోదు చేయించుకున్నారు. పేరు లేని నమోదు చెల్లదని తొలి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ నిర్ణయించడంతో, బీహారులో అదనపు గడువు ఇచ్చినప్పటికీ, దేశంలో దాదాపు 28 లక్షల మంది స్త్రీలు 1951-52 ఎన్నికలలో ఓటు కోల్పోయారు.

ఆ ఎన్నికలలో 17 కోట్ల 30 లక్షలకు పైగా ఉన్న ఓటర్లలో అత్యధికులు చదువురానివారు. వారికోసం అభ్యర్థికొక పెట్టె పెట్టి, దానిపై అతని గుర్తును అంటించగా, ఓటరు తనకిచ్చిన చీటీని నచ్చిన గుర్తున్న పెట్టెలో వేసేవాడు. వయోజన ఓటు హక్కును అంతకుముందు ఎన్నడూ ఎరుగని హైదరాబాదు రాష్ట్రంలోని నల్గొండ నుంచి పోటీ చేసిన కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డి, నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు సాధించారు. చదువుకూ రాజకీయ చైతన్యానికీ ముడిపెట్టిన పాత వాదానికి ఆ ఫలితమే గట్టి సమాధానం.

తొలి ఎన్నికలలో పోలింగు 50 శాతానికి చేరలేదు. 1962లో పురుషులలో 63 శాతం ఓటు వేయగా, స్త్రీలలో 47 శాతం లోపే వేశారు. 2019 నాటికి ఆ అంతరం చెరిగిపోయింది. 61వ రాజ్యాంగ సవరణ 1989లో ఓటు వయస్సును 18 ఏళ్లకు తగ్గించింది. ఏటా జనవరి 1 ఒక్కటే ఉన్న అర్హతా తేదీలు, అంటే ఓటరుకు ఆ వయస్సు నిండి ఉండవలసిన తేదీలు, ఇటీవల నాలుగయ్యాయి. 2024 లోక్‌సభ ఎన్నికలలో 85 ఏళ్లు దాటినవారికి, 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవారికి ఇంటివద్దనే ఓటు వేసే వీలు కలిగింది. ఈ సంస్కరణల సారం ఒక్కటే: ఓటరు మోయవలసిన బరువులో కొంత ప్రభుత్వం తన భుజాన వేసుకుంది.

ఆ బరువు ఇంకా దిగనిది వలస వెళ్లినవారికి. 2024 మే 13న తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ ఒకేరోజు పోలింగు జరగగా, ఆంధ్రప్రదేశ్‌లో అది 80 శాతాన్ని దాటింది, హైదరాబాదు నియోజకవర్గంలో 50 శాతానికి చేరలేదు. ఈ తేడా నగర ఓటరు ఉదాసీనతగా తోచవచ్చు. అయితే ఇల్లు మారినవారి, మరణించినవారి పేర్లు తొలగకపోయినా, ఒకే వ్యక్తి పేరు నగరంలోనూ సొంత ఊరిలోనూ ఉన్నా జాబితా ఉబ్బి, లెక్కలో పోలింగు తగ్గినట్లు కనిపిస్తుంది కనుక, నగర ఓటరును నిందించే ముందు జాబితాను సరిచూడడం అవసరం. సొంత ఊరికి వెళ్లి ఓటు వేయడానికి కూలి వదులుకుని, బస్సు చార్జీ పెట్టుకోవలసిన వలస శ్రామికుని కష్టం ఈ జాబితా లోపాల కంటె పెద్దది. దూరం నుంచే ఓటు వేయించే యంత్రం ప్రతిపాదనను ఎన్నికల సంఘం 2023 జనవరిలో పార్టీల ముందుంచినా, అది ఆచరణకు రాలేదు. విదేశాలలోని భారత పౌరులకు 2010 సవరణ నమోదు హక్కునిచ్చినా, వారు సొంత నియోజకవర్గానికి స్వయంగా వచ్చే ఓటు వేయాలి.

1948లో చదువు, రవాణా, యంత్రాలు అంతగా లేని దేశం కోట్లాది గడపలకు సిబ్బందిని పంపగలిగింది. పని వెతుక్కుంటూ కదిలే మనిషి వెంట జాబితా కూడా కదిలేలా చేయడం, పోలింగు రోజు కూలి నష్టం లేకుండా చూడడం, తొలగించే ప్రతి పేరుకూ ముందుగా నోటీసిచ్చి విచారించడం నేటి ప్రభుత్వాలకు అంతకంటె కష్టమైన పనులు కావు. ఓటు వేయమని పౌరునికి ప్రబోధించే అధికారం, ఓటుకు దారిని సుగమం చేసిన రాజ్యానికే ఉంటుంది.