సికింద్రాబాదు పేరు, విజయపురి శిల్పము

1806లో నిజాము సికందర్ జా పేరిట వెలసిన సికింద్రాబాదు నామములో ఒక యవనుడు దాగియున్నాడు. అలెగ్జాండరునే పారసీకులు సికందరనిరి. క్రీ.పూ. 326లో విపాశానది కడనుండి వెనుదిరిగిన ఆ రాజు తెలుగునేల నెన్నడును చూడలేదు; పేరు మాత్రము పారసీక భాష వెంట మనకు వచ్చినది.

యవన దేవతలు వచ్చిన త్రోవ వేరు. ఇక్ష్వాకుల రాజధానియగు విజయపురిలో, అనగా నాగార్జునకొండ లోయలో, రాజప్రాసాద స్థలమున దొరకిన శిలాస్తంభముపై ఒక వింతమూర్తి చెక్కబడినది. అర్ధనగ్నదేహము, కొద్దిపాటి గడ్డము, చేత కొమ్ముపాత్ర, చెంత మద్యభాండము. పండితులు దీనిని యవనుల మద్యదేవతయగు డయోనిసస్‌తో పోల్చిరి. ఆ లోయలోనే రోమను బంగారు నాణెములును లభించినవి. సముద్ర వ్యాపారమే ఈ పరిచయమునకు మూలమని మనము ఊహింపవచ్చును.

1955లో నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. నీరు ముంచక మునుపే పురాతత్త్వ శాఖవారు 1954 మొదలు 1960 వరకు లోయను త్రవ్వి, పెక్కు శిల్పములను కొండపైకి చేర్చిరి. ఆ కొండయే నేడు దీవి. పొలములకు నీరు దక్కినది, నగరము నీటిపాలైనది.

ఉద్యానములలో పరదేశపు ప్రతిమలను చూచి ఇవి మనకు కొత్తవనుకొందుము. పదునేడు శతాబ్దములకు పూర్వమే మన శిల్పులు అట్టి అతిథికి తమ రాతిలో చోటిచ్చిరని మరువరాదు.