పరాయి వాద్యము, మన గమకము

వాద్యమును కొన్నంతనే అది మనది కాదు. మన సంగీతమునకు అనువుగా దిద్దుకొనవలెను. రాజోలు వైపున వసిష్ఠ గోదావరి దాటి పోయినచో వచ్చు పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్‌గారి చరిత్రమే మన కోనసీమవారికి ఇందుకు చేరువ నిదర్శనము.

మాండొలిన్ జంట తీగెల నాదము పుట్టిన వెంటనే అణగును; నాదము నిలువనిచో గమకమెక్కడిది? అందుచే ఆయన ఒంటి తీగెలను, విద్యుత్తును చేకొని, పిమ్మట ఐదవ తీగెను చేర్చిరి.

విద్యుత్ గిటారునకును ఇట్టి దిద్దుబాటు తప్పలేదు. 1958లో అమెరికాలో గిబ్సన్ సంస్థ బోలు గిటారు నడుమ కొయ్యదిమ్మ నిలిపి ధ్వనివర్ధకపు కూతను అరికట్టినది. స్వరమును ఊగించుటకు అట్టి గిటారులకు చేతిమీటయు అమర్తురు. శ్రీనివాస్‌గారికి ఆ పని వ్రేళ్లే చేసినవి.

గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు మాండొలిన్ వాయింపక, పాడి నేర్పిరి. 2014లో శ్రీనివాస్‌గారు అస్తమించిరి. కాని గాత్రము వెంట నడచిన ఆ వాద్యము కర్ణాటక కచ్చేరిలో పరాయిది కాదని మనమెరుగుదుము.