163వ పేజీ చింపి పంపండి

2006 జనవరి 26, గురువారం. షికాగోలోని హార్పో స్టూడియోలో ప్రేక్షకుల మధ్య కూర్చున్నారు మీరు. ఓప్రా విన్‌ఫ్రీ షో ఇవాళ ముందే రికార్డు చేసి తర్వాత వేసేది కాదు, నేరుగా ప్రసారం. ఇక్కడ ఎవరి నోరు తడబడినా అమెరికా అంతా అప్పటికప్పుడే చూస్తుంది.

ఓప్రా ఎదుట జేమ్స్ ఫ్రే కూర్చున్నాడు. మూడు నెలల కిందట, అక్టోబరులో, ఇదే షోలో అతనికి బ్రహ్మరథం పట్టారు. అతను రాసిన ‘ఎ మిలియన్ లిటిల్ పీసెస్’ తనను రాత్రిళ్ళు నిద్రపోనివ్వలేదని ఓప్రా ఆ రోజు చెప్పింది. ఆమె ఆఫీసులో పనిచేసేవాళ్ళు ఆ పుస్తకం గురించి చెబుతూ కెమెరా ముందే కళ్ళు తుడుచుకున్నారు. తాగుడుకూ, మత్తుమందులకూ బానిసైన కుర్రాడు చికిత్సా కేంద్రంలో నరకం చూసి బయటపడిన కథ అది. 2003లో వచ్చిన పుస్తకమే అయినా, 2005 సెప్టెంబరులో ఓప్రా తన బుక్ క్లబ్‌కి ఎంచుకున్నాక లక్షల కాపీలు అమ్ముడుపోయింది.

అందులో ఒక కాపీ మీరు కొన్నారు. తాగుడు మానాలని తంటాలు పడుతున్న తమ్ముడు మీకున్నాడనుకుందాం. పుస్తకం మీరు చదివి, అక్కడక్కడా గీతలు గీసి, వాడి చేతిలో పెట్టారు. ‘చూడు, ఇతను గెలిచాడు’ అన్నారు.

జనవరి 8న ‘ది స్మోకింగ్ గన్’ వెబ్‌సైట్ బాంబు పేల్చింది. పేరున్న వాళ్ళు అరెస్టయినప్పుడు పోలీసులు తీసే ఫోటోలు సేకరించడం ఆ సైట్‌కి అలవాటు. ఫ్రే ఫోటో కోసం వెతికారు, దొరకలేదు. ఇన్ని నేరాలు చేశానని చెప్పుకున్న మనిషికి ఒక్క ఫోటో కూడా లేకపోవడమేమిటని రికార్డులు తవ్వడం మొదలుపెట్టారు. పుస్తకంలో ఫ్రే ఒహాయోలో ఒక పోలీసును కారుతో గుద్దుతాడు, పోలీసులతో కలబడతాడు, చివరికి 87 రోజులు జైల్లో గడుపుతాడు. రికార్డులో ఉన్నది వేరు. 1992లో గ్రాన్‌విల్ అనే చిన్న ఊళ్ళో, తాగి కారు నడుపుతున్న కుర్రాడు ఒకడు చక్రం ఫుట్‌పాత్ అంచు ఎక్కించాడు. పోలీసులతో మర్యాదగానే ఉన్నాడు. కొన్ని గంటలు స్టేషన్‌లో ఉంచి, పూచీకత్తు కట్టించుకుని వదిలేశారు.

అప్పుడు మీకు కోపం వచ్చింది, కానీ ఫ్రే మీద కాదు. ఆ సైట్ మీద. మూడు రోజుల తర్వాత సీఎన్‌ఎన్‌లో ల్యారీ కింగ్ ముందు ఫ్రే నీళ్ళు నములుతుంటే, కార్యక్రమం ముగిసే ముందు ఓప్రా ఫోన్ చేసింది. వివరాల్లో తేడాలున్నా పుస్తకం చెప్పే విషయం తనను ఇప్పటికీ కదిలిస్తుందని వెనకేసుకొచ్చింది. మీకు ప్రాణం లేచొచ్చింది. 87 రోజులైతేనేం, ఒక పూటైతేనేం, మనిషి మారాడా లేదా అని పక్కింటావిడతో వాదించారు కూడా. నిజానికి మీరు వాదించింది ఫ్రే తరఫున కాదు, ఆ పుస్తకం చదువుతూ మీరు కార్చిన కన్నీళ్ళ తరఫున.

ఇవాళ ఓప్రా ఫోన్లో కాదు, ఎదురుగా ఉంది. ఆ రోజు ఫోన్ చేసి నిజానికి విలువ లేదన్నట్టు మాట్లాడానని, అది తప్పని ముందుగా తనే ఒప్పుకుంది. తర్వాత ఫ్రే వైపు తిరిగింది. తాను మోసపోయానని, లక్షల మంది పాఠకులకు అతను ద్రోహం చేశాడని మొహం మీదే అంది. ఇక ఒక్కో సంగతీ బయటికి లాగుతోంది. జైలు ముచ్చట? స్మోకింగ్ గన్ రాసింది చాలావరకు నిజమేనంటాడు. ప్రియురాలు లిల్లీ చావు? జరిగిన తీరు మార్చానంటాడు. మత్తుసూది లేకుండా పళ్ళకు రూట్ కెనాల్ చేయించుకున్న ఘట్టం? మత్తు ఇచ్చారో లేదో ఇప్పుడు తనకే తెలీదంటాడు. జనంలోంచి మూలుగులు వినిపిస్తున్నాయి. ఎవరో ‘ఛీ’ కొడుతున్నారు. ఆ గొంతుల్లో మీదీ ఉందేమో.

ఇంతలో ఫ్రే ఒక మాటంటాడు. ఆ రోజుల్లో బతికి బయటపడడానికి తనను తాను ఉన్నదానికన్నా మొండివాడిగా ఊహించుకున్నానని, పుస్తకంలోనూ ఆ బొమ్మనే పట్టుకుని వేలాడానని. అలా చూసుకోవడం ఇష్టమై రాశావా, పుస్తకం బాగుంటుందని రాశావా అని ఓప్రా నిలదీస్తుంది. బహుశా రెండూ అంటాడు.

మీకు తమ్ముడు గుర్తొచ్చేది ఇక్కడే. చికిత్సా కేంద్రాల్లో చెప్పే పన్నెండు మెట్ల పద్ధతిని పుస్తకంలోని ఫ్రే తోసిపుచ్చుతాడు. ఎవరి ఆసరా వద్దంటాడు, పళ్ళ బిగువున నొప్పి భరిస్తాడు, మనసు గట్టిదైతే చాలంటాడు. అది చదివిన తమ్ముడు మళ్ళీ సీసా పట్టిన రోజున ఏమనుకుని ఉంటాడు? ఆ మనిషికి చేతనైంది, నాకు కాలేదు, లోపం నాలోనే ఉంది అనుకోడూ? ఫ్రే అబద్ధమాడింది జైలు రోజుల లెక్కలో మాత్రమే అయితే సర్దుకోవచ్చు. మీరు తమ్ముడికి కొలబద్దగా చేతికిచ్చిన ఆ మొండితనమే కల్పన అని ఇప్పుడు తేలింది.

పుస్తకం వేసిన నాన్ టలీజ్ కూడా వచ్చింది. చదివినప్పుడు తనకు అనుమానమే రాలేదంటుంది. ఇది మారాలి అంటుంది ఓప్రా. ఈ రాతప్రతిని మొదట్లో నవలగా చూపిస్తే ప్రచురణకర్తలు ఒకరి తర్వాత ఒకరు వద్దన్నారని ఫ్రేయే ల్యారీ కింగ్‌కి చెప్పి ఉన్నాడు. నవలగా ఎవరికీ అక్కర్లేని కథ, నిజంగా జరిగిందనగానే లక్షల ఇళ్ళకు చేరింది. మీరు డబ్బు పెట్టి కొన్నది ఆ ‘నిజంగా’నే.

ఆ డబ్బు వెనక్కి ఇస్తామన్నారు. పాఠకులు కోర్టుకెక్కితే ప్రచురణ సంస్థ ర్యాండమ్ హౌస్ రాజీకొచ్చింది. గట్టి అట్ట పుస్తకమైతే 163వ పేజీ చింపి పంపాలి, పేపర్‌బ్యాక్ అయితే ముఖపత్రం. దాంతోపాటు ఒక ప్రమాణపత్రం: ఇందులో కల్పన ఉందని ముందే తెలిసి ఉంటే కొనేవాళ్ళం కాదని.

మీరు బల్ల ముందు కూర్చున్నారు. పేజీ చింపడం క్షణం పని. సంతకం దగ్గరే చెయ్యి ఆగింది. కొనేవాళ్ళు కాదా? ఆ రాత్రి మేలుకుని చదివింది, తమ్ముడితో చాన్నాళ్ళకు మనసు విప్పి మాట్లాడింది, అవి జరిగినవే కదా. ఇప్పుడు 23.95 డాలర్ల కోసం వాటిని కూడా రద్దు చేసుకోవాలా? పైగా నమ్మి మోసపోయానని రాసి మరీ పంపాలి.

మీరొక్కరే కాదు ఆగింది. 35 లక్షలకు పైగా అమ్ముడైన పుస్తకానికి 2007లో లెక్క తేలేసరికి డబ్బు అడిగినవాళ్ళు 1,729 మంది. వాళ్ళకు దక్కింది మొత్తం 27,348 డాలర్లు, తలకు 16 డాలర్ల లోపే. తర్వాతి ముద్రణల్లో ఫ్రే క్షమాపణ చేరింది. అమ్మకాలు ఆగలేదు. 2011లో అతను మళ్ళీ ఓప్రా షోకి వచ్చాడు, ఆ రోజు అంత కటువుగా మాట్లాడినందుకు ఆమె క్షమాపణ కూడా చెప్పింది.

వాళ్ళ లెక్కలు వాళ్ళు సరిచేసుకున్నారు. తమ్ముడికి మాత్రం ఇంకో పుస్తకం బాకీ ఉంది. అందులో కుర్రాడు తాగి కారు ఫుట్‌పాత్ ఎక్కిస్తాడు, పోలీసులను చూసి భయపడతాడు, అడిగినదానికల్లా ‘అలాగే సార్’ అంటాడు, పూచీకత్తు కట్టి ఇంటికెళ్తాడు, పంటి డాక్టరు దగ్గర సూది అడిగి మరీ వేయించుకుంటాడు, ఆ తర్వాత మెల్లగా, నలుగురి సాయంతో తాగుడు మానతాడు. అది రాస్తే ఓప్రాకి నిద్ర చెడకపోవచ్చు. తమ్ముడికి పనికొచ్చేది మాత్రం అదే.