కౌలుదారు వోటు

పార్టీ తన విధానాన్ని మార్చుకుంటే పేదవోటరు కూడా గాలివాటుగా మారిపోతాడని కొందరు పెద్దలంటూ వుంటారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల చరిత్ర చూసినవారికి యీ మాట రుచించదు. ఇక్కడి పేదరైతు అడుగుతూ వచ్చింది వొక్కటే: దున్నే భూమిమీద హక్కు.

1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య విసునూరు దేశముఖ్ గూండాల తుపాకికి బలి అయినాడు. పాలకుర్తిలో చాకలి అయిలమ్మ కౌలు పొలంలోని పంటకోసం ఆ దేశముఖ్‌నే ఎదిరించింది. 1951 అక్టోబరులో కమ్యూనిస్టులు సాయుధపోరాటాన్ని విరమించారు. 1952లో పి.డి.ఎఫ్. పేరుతో పోటీచేస్తే, నల్గొండలో రావి నారాయణరెడ్డికి నెహ్రూకంటె ఎక్కువ వోట్లు వచ్చినవి. మారింది ఎత్తుగడేగాని లక్ష్యం కాదని ప్రజలు గుర్తించారన్నమాట.

ఇక కాంగ్రెసు సంగతి. 1955 జనవరిలో ఆవడి మహాసభ సోషలిస్టు తరహా సమాజమే ధ్యేయమని తీర్మానించింది. మరునెలలోనే ఆంధ్రరాష్ట్రంలో ఎన్నికలు జరిగినవి. కమ్యూనిస్టులకు 196 స్థానాలలో 15 మాత్రమే దక్కినవి. ఎదుటి పార్టీ నినాదాన్ని అందుకున్న కాంగ్రెసు, వోటర్లను కూడా లాక్కున్నదని అప్పుడు చాలామంది తేల్చారు. అయితే కమ్యూనిస్టులకు పడిన వోట్లు నూటికి 31. ఆ వోటరు ఎక్కడికీ పోలేదు. ఎదుటిపక్షాలు ఏకమైనవి, అంతే. స్థానాల లెక్క వేరు, విశ్వాసం లెక్క వేరు.

తెలంగాణలో 1950 కౌలుదారీ చట్టం "రక్షిత కౌలుదారు"ను కాగితంమీద సృష్టించింది. అయితే భూస్వాములు బేదఖళ్ళు సాగించారు. తమంతట తామే వదులుకున్నట్టు కౌలుదార్లచేత వేలిముద్రలు వేయించుకున్నారు. ఆ కౌలుదారు సమస్య నేటికీ తీరలేదు. 2018లో తెలంగాణ రాష్ట్ర సమితి ప్రభుత్వం ప్రారంభించిన రైతుబంధు పట్టాదారుకే అందింది, కౌలుదారుకు అందలేదు. 2022లో ఆ పార్టీ పేరులోని "తెలంగాణ" స్థానంలో "భారత" వచ్చింది. 2023లో మహబూబాబాద్, భూపాలపల్లి స్థానాలు కాంగ్రెసుకు దక్కగా, జనగామ మాత్రం పాత పార్టీకే నిలిచింది. కనుక వొక్క పథకమే ఫలితాలను నిర్ణయించిందనటం తొందరపాటవుతుంది. అభ్యర్థి, కులం, పోడుభూములు, స్థానిక కక్షలు అన్నీ పనిచేస్తాయి.

ఆ ఎన్నికలలో కాంగ్రెసు కౌలురైతుకు కూడా ఎకరాకు ఏటా 15,000 రూపాయలిస్తామన్నది. 2025 జనవరి 26న మొదలైన రైతు భరోసా ఎకరాకు ఏటా 12,000గా, పట్టాదారులకే వచ్చింది. కూలీలకు వేరే పథకం వచ్చిందిగాని, కౌలుదారు మళ్ళీ గట్టుమీదనే మిగిలాడు.

మధ్యేవామపక్ష పార్టీలు వామపక్ష నినాదాలు అరువు తెచ్చుకోవటం కొత్త కాదు. అరువు మాటతో వొక ఎన్నిక గెలవవచ్చు. విశ్వాసం నిలవాలంటే ఆ మాట పొలందాకా నడవాలి. వోటరుకు నిలకడ లేదని నిందించేముందు, కౌలుదారు పేరు ఏ రికార్డులో వున్నదో పార్టీలు చూపించాలి.