ఓరుగల్లు ప్రేమకథ పుట్టుక

ఓరుగల్లు రాణి మీద ప్రేమకథ చెప్పినవాళ్లలో మనకు దొరికే తొలి మనిషి వెనిస్ వర్తకుడు మార్కో పోలో. 13వ శతాబ్దం చివర మన తూర్పు తీరం గురించి చెబుతూ అతను ముత్‌ఫిలి అనే రాజ్యాన్ని వర్ణించాడు. అది మోటుపల్లి రేవున్న కాకతీయ రాజ్యమేనని చరిత్రకారుల మాట. అక్కడి వజ్రాల గురించి, సాలెపురుగు దారమంత సన్నని బట్టల గురించి చెప్పాక రాణి ప్రస్తావన తెచ్చాడు. ఆమె భర్త చనిపోయి నలభై ఏళ్లయిందట. అతని మీది ప్రేమ కొద్దీ మరొకర్ని పెళ్లాడక, రాజ్యాన్ని అతనికంటే న్యాయంగా ఏలుతున్నదట.

ఎంత అందమైన కథ! కాని అందులో రాణి భర్తగా కనబడుతున్నవాడు గణపతిదేవుడు. ఆయన ఆ రాణి రుద్రమకు తండ్రి.

ఈ పొరపాటు మార్కో పోలో ఒక్కడిదే కాదు. మన పాత కథనాల్లోనూ రుద్రమ గణపతిదేవుని భార్యగా కనిపిస్తుంది. తెలుగులో తొలి వచన గ్రంథాల్లో ఒకటిగా చెప్పే ఏకామ్రనాథుని ప్రతాపరుద్ర చరిత్రము ఓరుగల్లు కథలకు శతాబ్దాల పాటు ఆకరంగా ఉంది. యుద్ధాలు, మహిమలు, శాపాలు అందులో దండిగా ఉన్నాయి. రుద్రమ వయసులో ఉన్నప్పుడు ఎలా ఉండేదో, ఎవరిని కోరుకుందో అందులో వెతికితే దొరకదు. పెద్ద వయసు రాజుగారి విధవగా ఆమెను ఊహించుకున్నంత కాలం ప్రేమకథకు చోటే లేదు.

ఆ చోటు రాతి మీద దొరికింది. నేటి అమరావతి ప్రాంతంలో, మందడం దగ్గరి మల్కాపురంలో 1261 నాటి శాసన స్తంభం ఉంది. గణపతిదేవుని గురువు విశ్వేశ్వర శివాచార్యులకు ఇచ్చిన దానాల్ని చెబుతూ, రుద్రమను గణపతిదేవుని కూతురని ఆ శాసనం స్పష్టంగా పేర్కొంటుంది. 20వ శతాబ్దంలో ఇలాంటి శాసనాలు అచ్చులోకి వచ్చేకొద్దీ రుద్రమ బొమ్మ మారిపోయింది. కొడుకులు లేని రాజు, కొడుకులా పెరిగిన కూతురు, రుద్రదేవ మహారాజు అనే మగపేరుతో పాలన, నిడదవోలు చాళుక్య వీరభద్రునితో పెళ్లి. నవలాకారుడికి ఇంతకంటే ఏం కావాలి? మగవేషంలో ఉన్న రాకుమారి ఎవర్నయినా ప్రేమిస్తే ఏమవుతుందన్న ప్రశ్న అప్పుడే పుట్టింది. ఓరుగల్లు శృంగార చారిత్రక నవలకు మల్కాపురం శాసనాన్ని మొదటి పేజీగా భావిస్తాను నేను.

అంతకుముందు ఓరుగల్లుకు సాహిత్యంలో శృంగారమే లేదని కాదు. వినుకొండ వల్లభరాయుడి పేర ఉన్న క్రీడాభిరామం అంతా ఓరుగల్లు వీధుల్లోనే నడుస్తుంది. శ్రీనాథుడి చెయ్యి అందులో ఉందనేవాళ్లూ ఉన్నారు. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులు ఇద్దరూ ఒక రోజంతా నగరం చుట్టబెడతారు. పూటకూళ్ల ఇంట భోంచేస్తారు, కోడిపందెం చూస్తారు, ఏకవీర గుడికి వెళతారు, పల్నాటి వీరుల కథ పాడుతుంటే వింటారు, కాకతీయ రాజు ప్రతాపరుద్రుని ప్రియురాలు మాచల్దేవి చిత్రశాలను దర్శిస్తారు. సురవరం ప్రతాపరెడ్డి గారు ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసినప్పుడు కాకతీయుల నాటి జనజీవనం కోసం ఈ పుస్తకాన్ని ఎంతగా పిండుకున్నారో చదివినవాళ్లకు తెలుసు. ఆ కావ్యంలో శృంగారం బాహాటంగా ఉంటుంది, నగరం ప్రాణంతో ఉంటుంది. ఒకర్నొకరు తలుచుకుని నిద్రపోని జంట మాత్రం ఉండదు. అది నవలతో వచ్చిన సరుకు.

ఆ నవల మొదట ఓరుగల్లు వైపు చూడలేదు. స్కాట్లండులో వాల్టర్ స్కాట్ 1814లో వేవర్లీతో చారిత్రక నవలకు దారి వేశాడు. బంకించంద్రుడు 1865లో దుర్గేశనందినితో దాన్ని బెంగాలీలోకి తెచ్చాడు. కోట, ముట్టడి, శత్రువుల మధ్య పుట్టే ప్రేమ, చివరికి త్యాగమో పెళ్లో. ఆ అచ్చు మన దగ్గరికి చేరేసరికి శతాబ్దం ముగింపుకొచ్చింది. 1896 నాటి చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి హేమలతను తెలుగులో తొలి చారిత్రక నవలగా చెబుతారు. రాజమహేంద్రవరం చింతామణి పత్రిక నవలల పోటీ పెట్టి బహుమతులిచ్చిన కాలమది. హేమలత కథ రాజపుత్రుల నేల మీద నడుస్తుంది. అప్పటికి తెలుగు రచయిత చేతిలో రాజస్థాన చరిత్ర ఉంది గాని, తెలుగు దేశపు చరిత్ర పుస్తకంగా లేదు. మరుసటి ఏడాది వచ్చిన వేదం వేంకటరాయశాస్త్రి గారి ప్రతాపరుద్రీయ నాటకం ఓరుగల్లుకు వచ్చింది. ఢిల్లీకి బందీగా పోయిన రాజును పిచ్చివాడి వేషంలో విడిపించే మంత్రి యుగంధరుడు తెలుగువాళ్ల నాలుకల మీద నిలిచిపోయాడు. నిజానికి ప్రతాపరుద్రుడు 1323లో ఓరుగల్లు పడిపోయాక ఢిల్లీ దాకా చేరనే లేదు. దారిలో నర్మదాతీరాన ఆయన కన్నుమూశాడని విలస శాసనం చెబుతుంది. ఆ దుఃఖాన్ని మార్చి రాజును వెనక్కి తెచ్చుకోవాలని జనం కోరుకున్నారు, నాటకం ఆ కోరికను తీర్చింది. పగ, తెలివి, స్వామిభక్తి, హాస్యం దాని బలం. ప్రేమ పక్కకు పోయింది.

చరిత్ర పుస్తకం లేని లోటు తీర్చడానికి కొమర్రాజు లక్ష్మణరావు గారు పూనుకున్నారు. 1906లో హైదరాబాదులో విజ్ఞానచంద్రికా మండలి మొదలైంది. చిలుకూరి వీరభద్రరావు గారి ఆంధ్రుల చరిత్రము మొదటి భాగం 1910లో వెలువడింది. మండలి చారిత్రక నవలలకూ పోటీలు పెట్టింది. రాయచూరు యుద్ధము, విజయనగర సామ్రాజ్యము వంటి పేర్లతో నవలలు ఆ తరంలో వచ్చాయి. చరిత్ర రాసేవాళ్లూ నవల రాసేవాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చున్న రోజులవి. శాసనం చదివిన మనిషి సాయంత్రానికి దాన్ని నవలాకారుడికి చెప్పగలిగేంత దగ్గరితనం.

ఇక్కడ నన్ను పట్టి ఆపే సంగతి ఒకటుంది. ఓరుగల్లు నవలల్లో ఎక్కువ పేరు వచ్చినవి రాసినవాళ్లు ఓరుగల్లు వాళ్లు కారు. అడివి బాపిరాజు గారిది భీమవరం, నోరి నరసింహశాస్త్రి గారు రేపల్లెలో వకీలు. కోస్తాలో, బ్రిటిష్ ఏలుబడిలో పెరిగినవాళ్లు, నిజాం రాజ్యంలో ఉన్న ఓరుగల్లును తెలుగువాళ్లందరి పోగొట్టుకున్న రాజధానిగా ఊహించుకున్నారు. నిత్యం ఆ కోట మట్టిగోడ పక్కనుంచి బండి తోలుకుపోయే మనిషికి అది పొలానికి దారి. దూరాన ఉన్నవాడికి అది కల.

ఇది మన ఒక్కరి కథ కాదు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం లాంకాస్టర్ ప్రాంతంలో ఆమిష్ అనే క్రైస్తవ సమాజం ఉంది. గుర్రబ్బండ్ల మీద తిరుగుతూ, ఊరి కరెంటు తీగ ఇంట్లోకి రానీకుండా, పాత కట్టుబాట్లతో జీవిస్తారు. వాళ్ల మధ్య నడిచే ప్రేమకథలు అక్కడ పెద్ద నవలా శాఖగా ఎదిగాయి. 1997లో బెవర్లీ లూయిస్ రాసిన ద షనింగ్ ఆ శాఖకు ఊపు తెచ్చింది. రాసేవాళ్లూ చదివేవాళ్లూ ఎక్కువగా ఆ సమాజం బయటివాళ్లే. ఇంకా వెనక్కి పోతే 1905లో హెలెన్ మార్టిన్ అనే రచయిత్రి సబీనా నవలలో ఆమిష్ వాళ్లను చూపించిన తీరు నచ్చక, ఆ ఇళ్లలోనే పుట్టి పెరిగిన జోసెఫ్ యోడర్ 1940లో రోసన్నా ఆఫ్ ది ఆమిష్ రాశాడు. తన తల్లి కథనే నవలగా చెప్పాడు. బయటివాడి కల ఒకటి, ఇంటివాడి జవాబు ఒకటి.

మనకూ ఆ ఇంటివాళ్లు ఉన్నారు. ఉమ్మడి వరంగల్ జిల్లా ఇనుగుర్తికి చెందిన ఒద్దిరాజు సోదరులు, సీతారామచంద్రరావు, రాఘవరంగారావు. పల్లెటూళ్లో సొంతంగా అచ్చుయంత్రం పెట్టుకుని 1922లో తెనుగు పత్రిక నడిపారు. తెలుగు చదువుకు ఆదరువు లేని నిజాం కాలంలో, పత్రిక రాసి, అక్షరాలు కూర్చి, అచ్చు వేసి ఊళ్లకు పంపిన అన్నదమ్ములు వాళ్లు. రుద్రమదేవి పేరుతో నవల వాళ్ల ఇంటినుంచే వచ్చింది. బాపిరాజు, నోరి పేర్లు చెప్పుకున్నంతగా ఇనుగుర్తి రుద్రమను ఎవరూ చెప్పుకోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం 1904లోనే వెలిసింది. పుస్తకం కోసం ఈ ప్రాంతం ఎంత ఆకలిగా ఉండేదో చెప్పడానికి ఆ గ్రంథాలయం, ఆ పత్రిక చాలు.

బాపిరాజు గారి గోన గన్నారెడ్డికి వస్తే, చదువరి మనసులో ఓరుగల్లు ప్రేమకథ అంటే ఇదే. 1940లలో రాశారు. ఆ దశాబ్దంలోనే ఆయన హైదరాబాదులో మీజాన్ తెలుగు దినపత్రికకు సంపాదకులుగా ఉన్నారు. తీరం నుంచి కల కన్న మనిషి తెలంగాణ గాలి పీల్చాడన్నమాట. చిత్రకారుడాయన. బందరు జాతీయ కళాశాలలో ప్రమోద్‌కుమార్ ఛటర్జీ దగ్గర బొమ్మలు నేర్చాడు. అందుకే ఆయన పేజీల్లో నగకు బరువుంటుంది, చీరకు రంగుంటుంది, గుర్రానికి జాతి ఉంటుంది. కథ ఓ పెళ్లి పందిట్లో మొదలవుతుంది. అన్నాంబికను పెళ్లాడబోతున్న వరుణ్ణి గజదొంగ గన్నారెడ్డి ఎత్తుకుపోతాడు. ఆ దొంగను ద్వేషించవలసిన పిల్ల, రుద్రమ చెంత చేరి, క్రమంగా అతన్ని ప్రేమిస్తుంది. పైకి రాజద్రోహిగా కనిపించే గన్నారెడ్డి లోలోపల రుద్రమ సింహాసనానికి కావలి. ఇంకోపక్క రుద్రమ, చాళుక్య వీరభద్రుల ప్రేమ. తాను ఆడపిల్లనని చెప్పుకోలేని రాకుమారి ప్రేమించడం ఎంత నరకమో బాపిరాజు గారు పట్టుకున్నంత మృదువుగా మరొకరు పట్టుకోలేదని నా నమ్మకం. ఇందులో రెండు జంటలూ వేషం వెనకే ప్రేమించుకుంటాయి. ఒకరిది మగవేషం, ఒకరిది దొంగవేషం. రాజ్యం నిలబడితే గాని ఎవరి వేషమూ తొలగదు. ప్రేమనూ రాజకీయాన్నీ ఒకే ముడిలో బిగించిన ఆ అల్లిక ఆయన గొప్పతనం.

ఈ గన్నారెడ్డి ఊహ మాత్రమే కాదు. రంగనాథ రామాయణ కర్తగా చెప్పే గోన బుద్ధారెడ్డి వంశం వర్ధమానపురాన్ని ఏలింది. అది నేటి నాగర్‌కర్నూల్ జిల్లా నందివడ్డెమాను. రాయచూరు కోట గోడలో నలభై అడుగుల పైచిలుకు పొడవున్న ఒక పెద్ద బండ ఉంది. గోన గన్నారెడ్డి ఆజ్ఞతో విఠలుడు ఆ కోట కట్టించాడని 1294 నాటి తెలుగు శాసనం దాని మీద ఉంది. బండను బండి మీద దున్నలు లాక్కొస్తున్న దృశ్యాన్ని కూడా పక్కన చెక్కారు. శాసనంలో కనిపించే గన్నారెడ్డి కోటలు గెలిచి కట్టించిన సామంతుడు. అతని యవ్వనం గురించి రాయి మౌనంగా ఉంది. బాపిరాజు గారు ఆ యవ్వనాన్నే తీసుకున్నారు. చారిత్రక నవలాకారుడి హక్కు అంతవరకే అని నేననుకుంటాను. రాయి మాట్లాడినచోట ఎదురు చెప్పకూడదు, మౌనంగా ఉన్నచోట ధైర్యంగా రాయాలి.

నోరి వారి రుద్రమదేవి స్వభావం వేరు. 1950 ప్రాంతంలో వచ్చింది. నన్నయ కాలానికి నారాయణభట్టు, శ్రీనాథుని కాలానికి కవిసార్వభౌముడు రాసిన ఆయన, ఈ నవలలో తిక్కనను ఓరుగల్లుతో ముడిపెట్టారు. మనుమసిద్ధి రాజ్యం కోసం తిక్కన గణపతిదేవుని సాయం అడగడానికి వచ్చాడని పాత కథ. చదువు, ధర్మం, రాజనీతి అందులో నిండుగా ఉంటాయి. ప్రేమ వెచ్చదనం కోసం మాత్రం నేను మళ్లీ బాపిరాజు గారి దగ్గరికే వెళతాను. విశ్వనాథ వారి ఏకవీర నవల ఇంతకంటే లోతైన ప్రేమకథే, అయితే దాని ఊరు తమిళనాటి మధుర.

2015లో గుణశేఖర్ రుద్రమదేవి సినిమా తీశారు. అనుష్క రుద్రమ, రానా వీరభద్రుడు, అల్లు అర్జున్ గన్నారెడ్డి. ఆ గన్నారెడ్డి తెలంగాణ యాసలో మాట్లాడాడు. హాళ్లలో ఈలలు పడింది ఆ మాటకే. బాపిరాజు గారి నవల వచ్చిన ఏడు దశాబ్దాలకు వడ్డెమాను దొరబిడ్డకు తన నేల నుడి దక్కింది. వీరుడి నోట పలికిన ఆ యాస నాకు చాలా తృప్తినిచ్చింది. సినిమా మిగతా భాగం మీద అభిప్రాయాలు ఎన్నయినా ఉండొచ్చు.

బాపిరాజు, నోరి వార్లకు అందని రాయి ఒకటి తర్వాత వెలుగులోకొచ్చింది. నల్లగొండ ప్రాంతపు చందుపట్లలో 1289 నవంబరు 27 నాటి శాసనం. పువ్వుల ముమ్మడి అనే సేవకుడు, రుద్రమదేవికీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోక ప్రాప్తి కోసం భూమి దానం చేశాడు. కాకతీయుల మీద జీవితమంతా పనిచేసిన పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారి వంటి పండితుల వల్ల ఇది అందరికీ తెలిసింది. కాయస్థ అంబదేవుని తిరుగుబాటును అణచడానికి వెళ్లి, వృద్ధాప్యంలో, సేనానితో పాటు ఆమె యుద్ధంలో చనిపోయి ఉంటుందని చరిత్రకారుల ఊహ. మన నవలలన్నీ ఆమె పెళ్లితోనో పట్టాభిషేకంతోనో తృప్తిపడ్డాయి. పాతికేళ్లకు పైగా ఏలిన రాణి, భర్త పోయాక కూతురు ముమ్మడమ్మ కొడుకును వారసుడిగా పెంచిన అమ్మమ్మ, గుర్రమెక్కి దక్షిణానికి బయలుదేరిన ముసలి సేనాధిపతి, ఆమె చివరి ప్రయాణం ఇంకా నిండుగా రాయవలసిన నవల. సేనానితో పాటు రాణి పేరునూ రాయి మీద చెక్కించిన పువ్వుల ముమ్మడి కళ్లతో ఆ కథ చెప్పవచ్చు. క్రీడాభిరామంలోని పూటకూళ్లవ్వ, మాచల్దేవి, టిట్టిభసెట్టి వీధులన్నీ దానికి నేపథ్యంగా సిద్ధంగా ఉన్నాయి. ఈసారి అది ఖిలా వరంగల్ మాటలో, ఇనుగుర్తి అన్నదమ్ముల వారసులెవరో రాయాలని నా కోరిక.