నీటిని పోనివ్వని రాతిని కొలిచిన తీరు

రాతిలో గింజల నడుమ మిగిలిన ఖాళీ ఎంత వంతో తెలిపే కొలతను సచ్ఛిద్రత అనీ, ఆ ఖాళీల గుండా ద్రవం ఎంత సులువుగా సాగుతుందో తెలిపే గుణాన్ని పారగమ్యత అనీ అంటారు. ఇసుకలో ప్రవాహాన్ని కొలవడం 19వ శతాబ్దంలోనే సాధ్యమైనా, సచ్ఛిద్రత అత్యల్పంగా ఉండే గ్రానైట్‌లో అదే పని నమ్మకంగా చేయడానికి మరో శతాబ్దం పట్టింది. పారిన నీటిని పట్టి కొలిచే పాత పద్ధతి అక్కడ పనికిరాకపోవడమే అందుకు కారణం.

ఫ్రాన్స్‌లోని దిజోన్ నగరానికి మంచినీటి సరఫరాను తీర్చిదిద్దిన ఇంజనీరు హెన్రీ డార్సీ, ఇసుక నింపిన నిలువు గొట్టంలో నీటిని పారించి, ప్రవాహం పీడన వ్యత్యాసానికి అనులోమంగానూ, ఇసుక మందానికి విలోమంగానూ ఉంటుందని 1856లో ప్రకటించాడు. పెట్రోలియం పరిశ్రమ ఈ సూత్రాన్ని రాళ్లకు వర్తింపజేసింది. 1933లో వైకాఫ్, బాట్‌సెట్, మస్కట్, రీడ్ అనే పరిశోధకులు పారగమ్యతకు డార్సీ పేరుతోనే ఒక ప్రమాణాన్ని ప్రతిపాదించారు. ఒక సెంటీమీటరు ఘనాకారపు రాతి ముక్క గుండా, ఒక వాతావరణ పీడన భేదం వద్ద, ఒక సెంటీపాయిజ్ స్నిగ్ధత, అంటే దాదాపు నీటిపాటి చిక్కదనం గల ద్రవం సెకనుకు ఒక ఘన సెంటీమీటరు చొప్పున సాగితే, ఆ రాతి పారగమ్యత ఒక డార్సీ. ద్రవానికి బదులు వాయువును వాడితే, సన్నని రంధ్రాల గోడల వెంట అణువులు జారిపోవడం వల్ల పారగమ్యత అసలు కన్నా ఎక్కువగా కనిపిస్తుందని 1941లో క్లింకెన్‌బర్గ్ అనే పరిశోధకుడు నిరూపించి, దానికి సవరణ సూచించాడు.

పద్ధతిలో అసలు మలుపు 1968లో వచ్చింది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు చెందిన విలియం బ్రేస్, తన సహచరులు వాల్ష్, ఫ్రాంగోస్‌లతో కలిసి, వెస్టర్లీ గ్రానైట్ ముక్కను రెండు చిన్న ద్రవాశయాల మధ్య బిగించి, చుట్టూ గట్టి పీడనం పెట్టి, ఒకవైపు ద్రవ పీడనాన్ని హఠాత్తుగా కొద్దిగా పెంచి, అది ఎంత వేగంగా తగ్గుతుందో గమనించాడు. ఆశయాల, రాతి ముక్క పరిమాణాలు, ద్రవపు స్నిగ్ధత, సంపీడ్యత, అంటే పీడనానికి కుంచించుకునే గుణం, తెలిస్తే ఆ తగ్గుదల వేగం నుంచే పారగమ్యతను గణించవచ్చు కాబట్టి, చుక్క నీరు పట్టవలసిన అవసరం తప్పింది. ప్రభావక పీడనం, అంటే రాతిని బయటి నుంచి నొక్కే పీడనంలో లోపలి ద్రవ పీడనాన్ని మినహాయించగా మిగిలేది, 100 బార్ల వద్ద పారగమ్యత 350 నానోడార్సీలుగా, 4000 బార్ల వద్ద 4 నానోడార్సీలుగా తేలింది. నానోడార్సీ అంటే డార్సీలో వంద కోట్లవ వంతు. డార్సీ నిర్వచనంలోని రాతి ముక్కకు ఈ రెండో విలువను వర్తింపజేస్తే, అందులో ఒక ఘన సెంటీమీటరు నీరు సాగడానికి దాదాపు 8 సంవత్సరాలు పడుతుంది.

అంత సూక్ష్మమైన కొలతలో ఉష్ణోగ్రత కొద్దిగా మారినా, అతుకుల వద్ద ఏ మాత్రం కారినా ఫలితం తప్పుతుంది. పైగా ప్రయోగశాలకు వచ్చేది పగుళ్లు లేని ముక్క. తెలంగాణలోని గ్రానైట్ ప్రాంతాల్లో బావులకు నీరు అందేది మాత్రం శిథిలమైన పై పొర నుంచీ, రాతి పగుళ్ల నుంచీ. అందువల్ల ప్రయోగశాల అంకెను క్షేత్రంలోని నీటి నడకకు యథాతథంగా అన్వయించకూడదు. అయినా, బ్రేస్ పద్ధతి షేల్ వాయు నిక్షేపాల అధ్యయనంలోనూ, అణు వ్యర్థాలను భూగర్భంలో దాచే ప్రదేశాల పరిశీలనలోనూ ఉపయోగపడుతూ, ఏ రాతినైనా అభేద్యమని అనే ముందు ఎంత కాలానికి, ఎంత పీడనానికి అని అడిగి తీరాలని భూవిజ్ఞానానికి నేర్పింది.