నీళ్ల మీద వాలే బుల్లి విమానం.. సరదా ఎక్కడుందో ముప్పూ అక్కడే! ఐకాన్ ఏ5 కథేంటంటే..

రెండే సీట్లు. రెక్కలు వెనక్కి మడిచేస్తే కారు వెనక ట్రైలర్ మీద పెట్టుకుని సరస్సు దాకా తీసుకెళ్లొచ్చు. నీటిలోకి దింపి, రెక్కలు విప్పి, ఇంజన్ స్టార్ట్ చేస్తే కాసేపట్లో గాల్లో ఉంటారు. సోషల్ మీడియాలో ఈ విమానం వీడియోలు చూసినవాళ్లు ‘అబ్బ, ఒక్కసారి ఎక్కితే చాలు’ అనుకోకుండా ఉండలేరు. కానీ ఇదే విమానాన్ని తీర్చిదిద్దిన ప్రధాన ఇంజనీర్ ఇందులోనే ప్రాణాలు కోల్పోయారు. దాదాపు ఆరు నెలలకు, దీన్ని కొనుక్కుని నెల కూడా తిరగని ఓ బేస్‌బాల్ స్టార్ కూడా చనిపోయారు.

ఆ విమానం పేరు ఐకాన్ ఏ5.

సీప్లేన్ అనగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చేది విజయవాడ పున్నమి ఘాట్. 2024 నవంబర్ 9న అక్కడి నుంచి శ్రీశైలానికి సీఎం చంద్రబాబు ప్రయాణించిన విమానం ఐకాన్ లాంటిది కాదు. అది డీ హావిలాండ్ కెనడా తయారుచేసిన ట్విన్ ఆటర్. రెండు ఇంజన్లుంటాయి, ఇద్దరు పైలట్లు నడుపుతారు, జనాన్ని ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చడమే దాని పని. ఐకాన్ ఏ5కి అలాంటి పనేమీ లేదు. ఇది సరదా కోసం పుట్టిన విమానం. కింద పడవలాంటి పొట్ట, అందులోంచి బయటికొచ్చి మళ్లీ లోపలికి ముడుచుకునే చక్రాలు ఉంటాయి కాబట్టి రన్‌వే మీదా వాలుతుంది, నీటి మీదా వాలుతుంది. ఇలాంటి రెండు రకాల విమానాలనే యాంఫీబియన్లు అంటారు. తెలుగులో ఉభయచరాలు, మన కప్పల్లాగే!

ఈ సరదా కొత్తదేం కాదు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోగానే, థండర్‌బోల్ట్ ఫైటర్లు చేసిన రిపబ్లిక్ కంపెనీయే ‘సీబీ’ అనే చిన్న ఉభయచర విమానం అమ్మింది. సుమారు వెయ్యి విమానాలు చేసి 1947లో ఆపేసింది. ‘ది మ్యాన్ విత్ ది గోల్డెన్ గన్’ అనే జేమ్స్ బాండ్ సినిమాలో కనిపించేది అదే.

అసలు ఎందుకింత క్రేజ్?

2004లో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ ఓ కొత్త రూల్ తెచ్చింది. చిన్న, తేలికపాటి విమానాలు నడపాలనుకునేవాళ్లకు కనీసం 20 గంటల శిక్షణ చాలు. మెడికల్ సర్టిఫికెట్ బదులు చాలామందికి కారు డ్రైవింగ్ లైసెన్సే సరిపోతుంది. మామూలు ప్రైవేట్ పైలట్ లైసెన్స్‌కైతే కనీసం 40 గంటలు కావాలి. ఈ రూల్ చూసే మాజీ ఎఫ్-16 పైలట్ కిర్క్ హాకిన్స్ మరొకరితో కలిసి 2006లో కాలిఫోర్నియాలో ఐకాన్ కంపెనీ మొదలుపెట్టారు. జెట్ స్కీలు, స్పోర్ట్స్ కార్లు కొనేవాళ్లే ఆయన కస్టమర్లు. అందుకే విమానం లోపల డజన్ల కొద్దీ మీటర్లుండవు, కారు డ్యాష్‌బోర్డులా ఉంటుంది. వెనక వైపు 100 హార్స్‌పవర్ రోటాక్స్ ఇంజన్. గరిష్ఠ వేగం గంటకు సుమారు 176 కిలోమీటర్లు. పక్క అద్దాలు తీసేసి, చెయ్యి బయట పెట్టి ఎగరొచ్చు.

భద్రతను కంపెనీ పట్టించుకోలేదా అంటే, అలా అనలేం. వేగం బాగా తగ్గితే రెక్కలకు విమానాన్ని మోసే శక్తి పోతుంది. దాన్ని స్టాల్ అంటారు. అప్పుడు చాలా చిన్న విమానాలు బొంగరంలా తిరుగుతూ కూలిపోతాయి. ఏ5 అలా బొంగరం తిరగకుండా రెక్కలను ప్రత్యేకంగా డిజైన్ చేశారు. దానివల్ల బరువు పెరిగింది. ఈ తరగతి ఉభయచర విమానాలకు అప్పట్లో పరిమితి సుమారు 650 కిలోలే అయినా, భద్రత కోసం పెరిగిన బరువు కాబట్టి 2013లో ఎఫ్ఏఏ ప్రత్యేక మినహాయింపు ఇచ్చింది. పైలట్ ముందు రెక్కల పరిస్థితి చూపించే మీటర్ ఒకటుంటుంది. మరీ ప్రమాదమైతే విమానం మొత్తాన్నీ కిందికి దించే పారాచూట్ ఉంటుంది.

అయితే ఇవన్నీ పనిచేయాలంటే ఒకటి ఉండాలి. అదే ఎత్తు. స్టాల్ నుంచి తేరుకోవాలన్నా, పారాచూట్ విచ్చుకోవాలన్నా కింద కాస్త ఖాళీ కావాలి. 100 అడుగుల ఎత్తు నుంచి వదిలిన వస్తువు కింద పడటానికి పట్టేది రెండున్నర సెకన్లే. ఈ విమానం కొన్నవాళ్లను ఎక్కువగా ఊరించేది మాత్రం నీటిని దాదాపు తాకుతూ దూసుకెళ్లడమే. జనం, పడవలు, కట్టడాలకు 500 అడుగుల దూరం పాటిస్తే చాలు, ఖాళీ నీటి మీద ఎంత కిందుగా ఎగిరినా అమెరికా రూల్స్ అడ్డు చెప్పవు.

2017లో ఏం జరిగింది?

మే 8 ఉదయం. కాలిఫోర్నియాలోని లేక్ బెర్రియెస్సా. ఐకాన్ ప్రధాన ఇంజనీర్, టెస్ట్ పైలట్ జాన్ కార్కో కంపెనీలో కొత్తగా చేరిన ఉద్యోగిని పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరారు. కార్కో సామాన్యుడు కాదు. ఎక్కడా ఆగకుండా భూమిని చుట్టొచ్చిన గ్లోబల్‌ఫ్లయర్ విమానం రూపకల్పనలో ముఖ్య పాత్ర ఆయనది. కొండల మధ్య ఈ సరస్సుకు వేళ్లలా చీలిన పాయలెన్నో ఉన్నాయి. నీటికి కాస్త పైన ఎగురుతూ ఆయన ఒక పాయలోకి మలుపు తీసుకున్నారు. సరస్సు విశాలమైన భాగానికి దారి తీసే పాయ అనుకుని, ముందు దారి మూసుకుపోయే మరో పాయలోకి వెళ్లి ఉంటారని దర్యాప్తు చేసిన రవాణా భద్రతా బోర్డు తేల్చింది. ఎదురుగా నేల లేస్తోంది. వెనక్కి తిప్పబోయినా చోటు చాల్లేదు. ఇద్దరూ చనిపోయారు. విమానంలో యాంత్రిక లోపమేదీ దొరకలేదు. దాని గురించి లోకంలో అందరికంటే ఎక్కువ తెలిసినవాళ్లలో ఒకరు దాన్ని నడుపుతున్నారు. అయినా తప్పించుకునేందుకు కావాల్సిన ఎత్తు లేకపోయింది.

అక్టోబర్‌లో ఐకాన్ తక్కువ ఎత్తులో ఎగరడంపై యజమానులకు జాగ్రత్తలు పంపింది. నెల తిరగలేదు. నవంబర్ 7న ఫ్లోరిడా తీరంలో రాయ్ హాలడే విమానం సముద్రంలో పడింది. ఆయన బేస్‌బాల్‌లో పిచ్చర్, అంటే క్రికెట్‌లో బౌలర్ లాంటివాడు. టొరంటో, ఫిలడెల్ఫియా జట్లకు పెద్ద స్టార్. 2010లో ప్రత్యర్థి జట్టులో ఒక్కరినీ బేస్ ఎక్కనివ్వకుండా ‘పర్‌ఫెక్ట్ గేమ్’ ఆడిన మొనగాడు. తండ్రి కూడా పైలటే. నీటి మీద కిందుగా ఈ విమానం నడుపుతుంటే ఫైటర్ జెట్‌లా ఉంటుందని నాన్నకు చెబుతుంటానంటూ హాలడే అంతకుముందే ట్వీట్ చేశారు.

ఆ రోజు ఆయన నిటారుగా పైకి లేపడం, నీటి దాకా దిగడం, ఒక్కసారిగా మలుపులు తిప్పడం చేశారని 2020లో వచ్చిన దర్యాప్తు నివేదిక చెప్పింది. చివరిసారి పైకి లేపినప్పుడు వేగం పడిపోయి, విమానం ముక్కు దిగి నీటిని ఢీకొట్టింది. శరీరంలో ఆంఫెటమైన్, మార్ఫిన్ వంటివి ఉన్నట్టు పరీక్షల్లో బయటపడింది. వాటి మత్తు ప్రభావంలో తక్కువ ఎత్తులో దూకుడు విన్యాసాలు చేయడమే కారణమని బోర్డు నిర్ధారించింది. ఆయన పడిన చోట నీటి లోతు నాలుగున్నర అడుగులే. వయసు 40.

అద్దంలాంటి నీరే ఎక్కువ ప్రమాదం

విన్యాసాల జోలికి వెళ్లకపోయినా నీటితో చిక్కులు వేరేగా ఉంటాయి. అలలు ఎక్కువైతే ప్రమాదమని ఎవరైనా ఊహిస్తారు. చిత్రమేంటంటే, ఒక్క అల కూడా లేని నీరు పైలట్లను ఎక్కువ భయపెడుతుంది. నిశ్చలంగా ఉన్న నీటిలో ఆకాశం అద్దంలో లాగా కనిపిస్తుంది. నీటి మట్టం ఎక్కడుందో కంటికి దొరకదు. ఇంకా 30 అడుగులుందనుకుంటుండగానే ఢీకొట్టొచ్చు, లేదా వాలిపోయామనుకుని గాల్లోనే వేగం తగ్గించేయొచ్చు. అందుకే శిక్షణ పొందినవాళ్లు ఒడ్డున చెట్లు కనిపించేలా దాని పక్కనే దిగుతారు. ఇంజన్ కొంచెం నడుస్తుండగానే, నెమ్మదిగా ఒకే తీరున కిందికి వస్తూ, నీరు తగిలేదాకా ఎత్తు గురించి అంచనాలు వేయరు.

రెండో చిక్కు చక్రాలు. రన్‌వే మీద చక్రాలు దించడం మర్చిపోతే పొట్ట గీసుకుపోతుంది, రిపేర్ బిల్లు వస్తుంది. నీటి మీద చక్రాలు ముడవడం మర్చిపోతే మాత్రం అవి నీటిని పట్టేస్తాయి, విమానం ముందుకు బోర్లా పడుతుంది. లోపలున్నవాళ్లు తలకిందులుగా నీళ్లలో ఉంటారు. అందుకే మంచి పైలట్లు ప్రతిసారీ పైకి వినిపించేలా అంటారు: ‘ఇది నీటి మీద ల్యాండింగ్, చక్రాలు పైకి.’ పక్కన ఎవరూ లేకపోయినా అనాల్సిందే.

నదుల మీద అడ్డంగా వెళ్లే కరెంటు తీగలు, నీటిలో తేలే దుంగలు, పడవలు లేపే అలలు.. ఇవన్నీ చూసుకోవాలి. నీటిలో బ్రేకులుండవు. బరువు లెక్క కూడా చిన్నదేం కాదు. ఏ5 ఖాళీగా సుమారు 490 కిలోలు, పూర్తి బరువు 685 కిలోలు దాటకూడదు. ట్యాంకు నింపితే మనుషులకూ సామానుకూ కలిపి మిగిలేది 140 కిలోలు మాత్రమే. ఇద్దరు భారీ మనుషులెక్కితే ఇంధనం తగ్గించాల్సిందే.

మొదట్లో 1.39 లక్షల డాలర్లని చెప్పిన ధర 2017కల్లా టాప్ మోడల్‌కు 3.89 లక్షల డాలర్లకు చేరింది. మన డబ్బులో మూడు కోట్ల పైమాటే. కంపెనీ 2024 ఏప్రిల్‌లో దివాలా రక్షణ కోరింది, తర్వాత ఆస్తులు వేరేవాళ్ల చేతికి వెళ్లాయి. అమ్మిన విమానాలు మాత్రం ఇంకా ఎగురుతున్నాయి.

అమెరికాలో ఉన్న మనవాళ్లు, అక్కడికి టూర్ వెళ్లేవాళ్లు ఇలాంటి విమానంలో సరదాగా ఒక రౌండ్ వేయాలనుకుంటే పైలట్‌ను ముందే అడగాల్సినవి ఉన్నాయి. ఎంత ఎత్తు కంటే కిందికి దిగరు? పైకప్పు అద్దం ఎలా తెరుచుకుంటుంది? లైఫ్ జాకెట్ ఒంటి మీదే ఉండాలి, కానీ లోపల గాలి నింపకూడదు. నింపితే మునిగిన క్యాబిన్‌లో పైకి తేలిపోయి అక్కడే ఇరుక్కుపోతారు. బోర్లా పడితే ముందుగా ఒక చేత్తో తలుపు అంచునో, ఫ్రేమ్‌నో గట్టిగా పట్టుకోవాలి. దారి ఎటో ఆ చేయే చెబుతుంది. బెల్ట్ విప్పడం ఆ తర్వాతే.